నవ్వు ఎవరి మీద? 'ఫార్గో' నచ్చకపోవడం వెనుక తర్కం

1996 మార్చిలో అమెరికాలో విడుదలైన 'ఫార్గో' సినిమా నచ్చనివారు ఆ మాట పైకి అనడానికి తటపటాయిస్తారు. ఆ సినిమా మూటగట్టుకున్న ఖ్యాతి అలాంటిది. జోయెల్ కోయెన్, ఈథన్ కోయెన్ సోదరులు సుమారు 70 లక్షల డాలర్లతో తీసిన ఈ నేర హాస్య చిత్రం ప్రపంచం మొత్తం మీద 6 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. ఆ ఏడాది కేన్స్ ఉత్సవంలో జోయెల్‌కు ఉత్తమ దర్శకుడి పురస్కారం లభించింది. ఆస్కార్ బరిలో ఏడు విభాగాల్లో నిలిచి, ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్‌కు ఉత్తమ నటిగా ఒకటి, స్క్రీన్‌ప్లే రచనకు మరొకటి గెలుచుకుంది. అప్పట్లో అమెరికా ప్రేక్షకుల మీద మరెవరికీ లేనంత ప్రభావం ఉన్న విమర్శకుల జంట జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ ఇద్దరూ దానికి ఆ ఏడాది ప్రథమ స్థానం ఇచ్చారు. పదేళ్లు నిండీ నిండగానే, 2006లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచదగిన జాతీయ చిత్రాల పట్టికలో చేర్చింది. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1998లో ప్రకటించిన వంద ఉత్తమ చిత్రాల్లో 84వ స్థానంలో ఉన్న ఈ సినిమా, అదే సంస్థ 2007లో సవరించిన జాబితాలో కనిపించకుండా పోయింది కానీ, జాబితాల సంగతి ఎప్పుడూ అంతే కనుక దాన్నిబట్టి ఏమీ తేల్చలేము.

ఇంతటి ఏకాభిప్రాయం ఎదుట నిలబడి "నచ్చలేదు" అన్న ప్రేక్షకుడికి మామూలుగా రెండు రకాల సమాధానాలు ఎదురవుతాయి. డార్క్ కామెడీ అనే ప్రక్రియ అతనికి అర్థం కాలేదన్నది ఒకటి. నెత్తురు చూసి తట్టుకోలేని సుకుమారుడన్నది రెండోది. రెండూ ప్రేక్షకుడిలో లోపం వెతికేవే తప్ప సినిమా వైపు తిరిగి చూసేవి కావు. ఈ ప్రక్రియలో వచ్చిన ఎన్నో సినిమాలను ఆస్వాదించి, చావు చుట్టూ అల్లిన హాస్యానికి మనసారా నవ్విన మనిషి కూడా ఈ ఒక్క సినిమా దగ్గర నవ్వలేక ఆగిపోవచ్చు. అందుకు కారణం ఆ సినిమా నవ్వును ఎవరి మీదికి మళ్లించిందన్న దానిలోనే ఉంది. ఛాయాగ్రహణం, నటన, సంభాషణలు ఎంత గొప్పవైనా ఆ ఎంపిక సరైనదని నిరూపించలేవు. అవి వేరే ప్రశ్నకు జవాబులు.

కథ చిన్నది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్‌లోని మామగారి కార్ల షోరూములో సేల్స్ మేనేజరుగా ఉన్న జెర్రీ లుండెగార్డ్ అప్పుల్లో కూరుకుపోయి, కట్టుకున్న భార్య జీన్‌ను కిడ్నాప్ చేయించి, పిసినారి మామ వేడ్ చేత డబ్బు కక్కించాలని పథకం వేస్తాడు. కార్ల్, గేయర్ అనే ఇద్దరు కిరాయి నేరగాళ్లకు ఒక కొత్త కారుతో పాటు, విడుదలకు రాబట్టే 80,000 డాలర్లలో సగం ఇస్తానని ఒప్పుకుంటాడు. మామకు మాత్రం కిడ్నాపర్లు 10 లక్షల డాలర్లు అడుగుతున్నారని చెబుతాడు. జీన్‌ను తీసుకుపోతున్న దారిలో, బ్రెయినర్డ్ అనే చిన్న ఊరి సమీపంలో, ఆ ఇద్దరూ ఒక హైవే పోలీసునూ, చూసిన పాపానికి దారిన పోతున్న మరో ఇద్దరినీ చంపుతారు. ఆ కేసు ఆ ఊరి పోలీసు అధికారి, ఏడు నెలల గర్భిణి అయిన మార్జ్ గండర్సన్ చేతికి వస్తుంది. కథ ముగిసేలోపు మొత్తం ఏడుగురు చనిపోతారు. వాళ్లలో ఎవరికీ ఏ హానీ తలపెట్టకపోయినా సినిమా పొడుగునా హింసను అనుభవించేది జీన్ ఒక్కతే.

ఆమెను ఎత్తుకుపోయే సన్నివేశాన్ని కొంచెం నిదానంగా చూడాలి. జీన్ టీవీ ముందు కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంటుంది. ముసుగు వేసుకున్న మనిషి ఇనుప కడ్డీతో అద్దాల తలుపు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూస్తుంటే, జరుగుతున్నదేమిటో అర్థం కాక ఆమె అలాగే చూస్తూ ఉండిపోతుంది. అద్దం పగిలాక పరుగు మొదలవుతుంది. పట్టుకున్న చేతిని కొరుకుతుంది, బాత్‌రూములో దూరి గడియ పెట్టుకుంటుంది, ఫోన్ చేయబోతే తీగ లాగేస్తారు, కిటికీ తెరిచి బయటపడాలని చూస్తుంది. గేయర్ తన చేతి గాయానికి మందు వెతుక్కుంటూ ఉండగా, స్నానాల తెర వెనుక దాక్కున్న ఆమె ఆ తెర ఒంటికి చుట్టుకునే బయటికి దూసుకువచ్చి, కళ్లు కనిపించక గోడలకు తగులుతూ మెట్ల మీది నుంచి దొర్లిపడుతుంది. తర్వాత అడవిలోని చెరువు గట్టున ఉన్న ఇంటి దగ్గర కారు దించినప్పుడు, ముఖం నిండా ముసుగుతో, కట్టేసిన చేతులతో మంచులో ఎటు పోతున్నదో తెలియకుండా పరుగులు పెడుతుంది. పట్టుకోవడానికి కదిలిన గేయర్‌ను ఆపి, కార్ల్ కడుపుబ్బా నవ్వుతాడు. అక్కడి నుంచి ఆమెకు మూలుగులు తప్ప మాటలు లేవు. ఆమె మరణం తెర మీద జరగదు. అరవడం మొదలుపెట్టిందని గేయర్ ముక్తసరిగా చెబుతాడు. మరుక్షణం సంభాషణ కారు ధరను చెరి సగం పంచుకోవాలా వద్దా అన్న వాదులాటకు మళ్లుతుంది. ఆ వాదులాట కూడా నవ్వించడానికి రాసిందే.

ఈ ఇబ్బందికి మన అలంకారశాస్త్రంలో సరిపోయే పరికరం ఒకటి ఉంది. హాస్యానికి భయానకంతోనూ కరుణంతోనూ విరోధం ఉందని 14వ శతాబ్దపు 'సాహిత్యదర్పణం' చెబుతుంది. అంతటితో ఆగి ఉంటే అది డార్క్ కామెడీ అనే ప్రక్రియనే కాదన్నట్టు అయ్యేది. కానీ రసవిరోధం ఎప్పుడు విరోధమవుతుందో, ఎప్పుడు కాదో కూడా ఆలంకారికులు ఆలోచించారు. రెండు రసాలకు ఆలంబనం (ఎవరిని చూసి ఆ భావం పుడుతుందో ఆ వ్యక్తి) ఒకటే అయినప్పుడు, ఆశ్రయం (ఆ భావం ఎవరిలో పుడుతుందో ఆ వ్యక్తి) ఒకటే అయినప్పుడు, నడుమ ఎడం లేకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చినప్పుడు అని మూడు విధాలుగా ఆ విరోధాన్ని విడదీశారు. విరుద్ధ రసాలను వేర్వేరు వ్యక్తుల్లో నిలిపితే, లేదా మధ్యలో మూడో రసాన్ని ప్రవేశపెడితే, విరోధం తొలగిపోతుందని అంతకు చాలా ముందే ఆనందవర్ధనుడు దారి చూపాడు. వెయ్యేళ్ల కిందటి కావ్యచర్చను మినియాపొలిస్ కార్ల షోరూముకు శాసనంగా విధించడం హాస్యాస్పదమే అవుతుంది. దాన్ని కొలతబద్దగా వాడుకుంటే మాత్రం ప్రయోజనం ఉంది. 'ఫార్గో'లో ఏ నవ్వు పండిందో, ఏ నవ్వు గొంతులో అడ్డుపడుతుందో ఆలంబనం అన్న ఒక్క మాట స్పష్టంగా విడదీస్తుంది.

పండిన చోట్లు చాలానే ఉన్నాయి. భార్యను ఎత్తుకుపోయిన రోజున ఇంటికి వచ్చిన జెర్రీ, మామకు ఆ వార్త ఎలా చెప్పాలో రకరకాల గొంతులతో అభ్యాసం చేసుకుంటాడు. కంగారు పడ్డట్టు ఒకసారి, ఏడుపు దిగమింగినట్టు మరోసారి ఆ మాటలనే తిప్పి తిప్పి పలికి, చివరికి ఫోన్ తీసి మామగారి నంబరు నొక్కుతాడు. ఇంటి నిండా జీన్ పెనుగులాట ఆనవాళ్లు ఉండగా వినిపించే ఆ గొంతు భయంకరంగానూ నవ్వు పుట్టించేదిగానూ ఉంటుంది. అక్కడ జాలి జీన్‌కు, నవ్వు జెర్రీకి చెందుతాయి. రెండూ ఒకదానికొకటి పదును పెడతాయి. తాను తెచ్చిన వ్యాపార ప్రతిపాదన మామ చేతుల్లోకి జారిపోయాక, కారు అద్దం మీది మంచును గీకుతూ గీకుతూ ఉన్నట్టుండి ఆ చేతి పనిముట్టుతో కారును బాది, మళ్లీ తలవంచుకుని అదే అద్దాన్ని గీకడం మొదలుపెట్టే జెర్రీని విలియం హెచ్. మేసీ నటించిన తీరుకు సాటి చెప్పడం కష్టం. అక్కరలేని రంగు పూత పేరుతో కొనుగోలుదారు దగ్గర అదనంగా డబ్బు గుంజే సన్నివేశంలో ఒక నేరస్థుడి మొత్తం స్వభావం కొన్ని నిమిషాల్లో బయటపడుతుంది. ఈ సన్నివేశాలు నచ్చకపోతే ఆ ప్రేక్షకుడికి డార్క్ కామెడీ గిట్టదని అనుకోవచ్చు. అవి నచ్చి, జీన్ పరుగు నచ్చకపోయినవాడి సంగతి వేరు.

సినిమాలోనే దీనికి ఒక పోలిక దొరుకుతుంది. చివర్లో నార్త్ డకోటాలోని బిస్మార్క్ దగ్గర ఒక మోటెల్లో పోలీసులు తలుపు తట్టినప్పుడు, జెర్రీ బనీనూ చెడ్డీతో బాత్‌రూము కిటికీలోంచి దూరి పారిపోవడానికి పెనుగులాడి, జంతువులా అరుస్తూ దొరికిపోతాడు. భార్య బయటపడాలని చూసిందీ బాత్‌రూము కిటికీలోంచే. ఒకరు బాధితురాలు, మరొకరు ఆ బాధకు మూలకారకుడు. అయినా రెండు పెనుగులాటలకూ సినిమా అద్దిన రంగు ఒకటే. దర్శకులు ఈ సామ్యాన్ని తెలిసే పెట్టారనుకుంటే, మనిషి ఎవరైనా ప్రాణం మీదికి వచ్చినప్పుడు చూపరికి ఇలాగే కనిపిస్తాడన్న నిర్లిప్తత అందులో ఉంది. ఆ నిర్లిప్తతనే అభిమానులు పరిణతి అంటారు. దాన్ని ఒక తాత్త్విక వైఖరిగా గౌరవించవచ్చు. కానీ చేసినవాడినీ పడ్డదాన్నీ ఒకే దూరం నుంచి చూసే చూపు నిష్పాక్షికమైనదేమీ కాదు. దాని లాభం ఎప్పుడూ చేసినవాడికే దక్కుతుంది.

దారుణమైన విషయం మీద కడుపుబ్బ నవ్వించడం తెలుగువారికి కొత్త కాదు. 1892లో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం' మొత్తం ఆడపిల్లల అమ్మకం మీద నడిచే హాస్య నాటకం. ముక్కుపచ్చలారని సుబ్బిని కాటికి కాళ్లు చాచిన లుబ్ధావధాన్లుకు అమ్మజూపడంలో నవ్వుకు చోటెక్కడిదని అడగవచ్చు. అయినా అందులో అంకం అంకానికీ నవ్వు ఉంది. అది అగ్నిహోత్రావధాన్ల కోపం మీద, గిరీశం గొప్పల మీద, రామప్పంతులు టక్కరితనం మీద పడుతుందే తప్ప సుబ్బి మీద ఎన్నడూ పడదు. బుచ్చమ్మ అమాయకత్వం నవ్వు తెప్పించిన చోట కూడా, ఆమెను బుట్టలో వేసుకోవడానికి గిరీశం పడే పాట్లే ఆ నవ్వుకు అసలు లక్ష్యం. గురజాడ నాటకం సంస్కరణ ఉద్దేశంతో రాసినది కనుక పోలిక కుదరదని ఎవరైనా అనవచ్చు. ఉద్దేశాల సంగతి పక్కన పెట్టి కేవలం నవ్వు పడే చోటు చూసినా తేడా కనిపిస్తూనే ఉంటుంది.

'ఫార్గో'ను సమర్థించేవారి వాదాల్లో అన్నిటికంటే బలమైనది ఒకటుంది. మంచులో పరుగెత్తే జీన్‌ను చూసి నవ్వేది కార్ల్. అతనితో పాటు నవ్విన ప్రేక్షకుడు తన నవ్వుకు తానే సిగ్గుపడాలన్నది దర్శకుల ఎత్తుగడ, కనుక ఆ ఇబ్బందే సినిమా సాధించిన ఫలితం అని వారు అంటారు. వాదం ఆలోచించదగినదే. అది నిలబడాలంటే మాత్రం సినిమా ఎక్కడో ఒకచోట ఆ సిగ్గును మన ముందుకు తెచ్చి నిలపాలి. కెమెరా జీన్ దగ్గరికి వెళ్లి ఆమె వైపు నుంచి ఒక్క క్షణం చూడవచ్చు. కుర్చీకి కట్టేసి ఉన్న ఆ రోజుల్లో ఒక మాట అయినా ఆమె చేత పలికించవచ్చు. లేదా ఆమె లేని లోటు మరొకరి ముఖంలో చూపవచ్చు. ఆ చివరి పనికి కొడుకు స్కాటీ ఉన్నాడు. తల్లి ఏమైపోయిందోనని పడకగదిలో ఏడుస్తున్న ఆ కుర్రాడితో జెర్రీ మాట్లాడే సన్నివేశం సినిమాలో నిజంగా గుండెను తాకేది, అందులోనూ పైచేయి జెర్రీ బొంకుదే. తల్లి, తాత చనిపోయి, తండ్రి జైలుపాలయ్యాక ఆ పిల్లవాడు ఏమయ్యాడో సినిమా పట్టించుకోదు. 98 నిమిషాల సినిమాలో మార్జ్ భర్త తపాలా బిళ్ల కోసం వేసిన బాతు బొమ్మకు దొరికిన చోటు అతనికి దొరకలేదు. సిగ్గుపడమని ప్రేక్షకుడికి చెప్పిన సినిమా తాను మాత్రం కార్ల్ నిలబడ్డ చోటు నుంచి అడుగు కూడా కదలలేదంటే, ఆ సిగ్గు దర్శకులు ఉద్దేశించినదా, లేక సున్నిత హృదయులు తమంతట తాము తెచ్చుకున్నదా అన్న అనుమానం తప్పదు.

నవ్వును ఎవరి మీద నిలపాలో ఈ సోదరులకు తెలియదని మాత్రం అనలేము. గేయర్ తన తోడుదొంగ శవాన్ని చెట్ల కొమ్మలను పొట్టు చేసే యంత్రంలో వేస్తుండగా తెల్ల మేజోడు తొడిగిన కాలు పైకి లేచి ఉండే దృశ్యం ఈ సినిమాకు చిరునామాగా మారిపోయింది. ఆ యంత్రాన్ని ఇప్పటికీ ఫార్గో నగరంలోని పర్యాటక కేంద్రంలో ఉంచారు. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఈ ఆలోచనకు మూలం 1986లో కనెక్టికట్ రాష్ట్రంలో జరిగిన ఒక నిజమైన హత్య. అక్కడ ఒక విమాన పైలట్ తన భార్యను చంపి, అలాంటి యంత్రంతోనే శవం ఆనవాళ్లు లేకుండా చేయాలని చూసి, చివరికి శిక్ష పడి జైలుకు వెళ్లాడు. సినిమాలోకి వచ్చేసరికి యంత్రంలోకి పోయింది భార్య కాదు, కార్ల్. వాగుడుకాయ అయిన ఆ నేరగాడి మీద ఎవరికీ మమకారం ఉండదు కనుకనే అంత బీభత్సంలోనూ నవ్వు సాధ్యమైంది. నిజ జీవితపు ఆలంబనాన్ని మార్చి దృశ్యాన్ని పండించుకున్న రచయితలు జీన్ విషయంలో అలాంటి మార్పు అక్కరలేదనుకున్నారంటే, అది చేతగానితనం కాదు, అక్షరాలా ఎంపిక.

ఆ ఎంపికను ఇంకాస్త చేదుగా మార్చేది సినిమా మొదట్లో తెర మీద కనిపించే ప్రకటన. ఇది నిజంగా జరిగిన కథ అనీ, 1987లో మిన్నెసోటాలో జరిగిందనీ, బతికి ఉన్నవారి కోరిక మేరకు పేర్లు మాత్రం మార్చామనీ, చనిపోయినవారి మీద గౌరవంతో మిగిలినదంతా జరిగింది జరిగినట్టే చెబుతున్నామనీ అందులో ఉంటుంది. అది అబద్ధం. ముగింపు అక్షరాల్లో పాత్రలు కల్పితాలన్న మామూలు ప్రకటన కూడా ఉంది. కథ నిజమని నమ్మితే ప్రేక్షకుడు అతుకుల బొంత లాంటి మలుపులను కూడా ఒప్పుకుంటాడన్నది దర్శకుల లెక్క, ఆ లెక్క తప్పలేదు. 2014లో మొదలైన అదే పేరు గల టీవీ ధారావాహిక కూడా ఈ చమత్కారాన్ని వాడుకుంది. చమత్కారంగా అది తెలివైనదే. కానీ మొదటిసారి చూస్తున్నవాడు ఆ ప్రకటనను నమ్మి కూర్చుంటాడు. అంటే మెట్ల మీద దొర్లిపడుతున్నది నిజంగా బతికి చనిపోయిన స్త్రీ అనుకుంటూ, ఆమె మీద గౌరవంతో చూపిస్తున్నామన్న హామీతో, ఆ దృశ్యానికి నవ్వమని అతన్ని పిలుస్తున్నారు. నవ్వినవాడికి అది కట్టుకథ అని తర్వాత తెలుస్తుంది. నవ్వలేకపోయినవాడు మాత్రం ఆ ప్రకటనను అక్షరాలా పాటించాడు. వీళ్లిద్దరిలో సినిమాను సరిగా చదివినవాడు ఎవరన్నది అంత తేలికగా తేలే విషయం కాదు.

భాష సంగతి వేరుగా చూడాలి. 'ఫార్గో' హాస్యంలో పెద్ద వాటా యాసది. నార్వే, స్వీడన్ల నుంచి వలస వెళ్లినవారి వారసులు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతపు సాగదీసిన పలుకును, మాట మాటకూ తలాడిస్తూ అనే "యా"ను, ఎంత దారుణం జరిగినా చెదరని మర్యాదను నటులు అతిశయోక్తితో పలికారు. తమను బయటివాళ్ల ముందు నవ్వులపాలు చేశారని మిన్నెసోటాలో కొందరు నొచ్చుకున్నారు. కోయెన్ సోదరులు మినియాపొలిస్ శివారులోని సెయింట్ లూయిస్ పార్క్‌లో పుట్టి పెరిగినవారే కనుక వెక్కిరింత కాదు, మమకారమేనన్నది దానికి వచ్చిన జవాబు. తెలుగు ప్రేక్షకుడికి ఈ వాదన బాగా పరిచితం. దశాబ్దాల పాటు మన సినిమాల్లో తెలంగాణ పలుకు రౌడీలకూ హాస్యగాళ్లకూ, శ్రీకాకుళం పలుకు అమాయకులకూ కేటాయించిన ఆస్తిగా ఉండేది. రాసింది ఎవరన్న దానికంటే హాల్లో నవ్వింది ఎవరన్నదే ఆ ప్రాంతాల వారిని బాధపెట్టింది. ఇక్కడ మాత్రం తీర్పు ఇవ్వడం కష్టం, ఎందుకంటే మార్జ్ కూడా అదే యాసలో మాట్లాడుతుంది, సినిమాలో అందరికంటే తెలివైనది ఆమే.

అయితే ఆ యాస తెలుగు ప్రేక్షకుడి దాకా రాదు. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూసేవాడికి మాటల అర్థం అందుతుంది, రాగం అందదు. చెట్ల పొట్టులో శవం ఉన్నప్పుడు కూడా వాతావరణం గురించి ఊసులాడుకున్నట్టు సాగే గొంతులే అమెరికా ప్రేక్షకుడికి హింసకూ నవ్వుకూ నడుమ మెత్తలా పనిచేశాయి. ఆనందవర్ధనుడు చెప్పిన మూడో రసం స్థానాన్ని వాళ్లకు ఆ యాస భర్తీ చేసింది. ఆ మెత్త తీసేస్తే మిగిలేది తెల్లటి మంచు, ఎర్రటి నెత్తురు, ముసుగులో ఒక ఆడమనిషి. పరాయి భాషలో ఈ సినిమా చూసి ఇందులో కామెడీ ఎక్కడుందని అడిగినవాడు మొద్దు కాదు. అతను చూసిన సినిమాలో అది నిజంగానే తక్కువ ఉంది.

పైగా కిడ్నాప్ హాస్యం మన ప్రేక్షకుడికి ముందే పరిచయం. 'ఫార్గో'కు మూడేళ్ల ముందు, 1993లో, శివనాగేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన 'మనీ'లోనూ డబ్బు కోసం ఎత్తుకుపోయిన భార్య, ఆమె తిరిగి రావడం ఇష్టంలేని భర్త ఉన్నారు. ఆ భార్య పాత్రలో జయసుధ ఉన్నారు. అంత పేరున్న నటి ఆ పాత్ర వేయడమే, ఎత్తుకొచ్చిన మనిషికీ కథలో ఒక స్థానం ఉందన్న భరోసా. ఆ సినిమా కళలో 'ఫార్గో'తో పోటీ పడదు, పడాలనీ అనుకోలేదు. కానీ కిడ్నాప్‌కు గురైన స్త్రీని సామానులా కాక మనిషిలా ఉంచి కూడా హాస్యం పండించవచ్చని అది చూపింది. జీన్‌గా నటించిన క్రిస్టిన్ రూడ్రుడ్‌కు దొరికింది కొద్దిపాటి సన్నివేశాలూ, ఒక ముసుగూ.

మార్జ్ పాత చదువుల స్నేహితుడు మైక్ యానగీటాను హోటల్లో కలిసే సన్నివేశం మీద అభిమానులు ఎంతో రాశారు. భార్య క్యాన్సర్‌తో పోయిందని ఏడ్చిన మైక్ చెప్పింది మొత్తం అబద్ధమని, అతను మానసిక సమస్యలతో బాధపడుతున్నాడని తర్వాత ఫోన్లో తెలియడంతోనే మార్జ్‌కు జెర్రీ మర్యాద వెనుక ఉన్న అబద్ధం మీద అనుమానం వచ్చి రెండోసారి షోరూముకు వెళ్లిందన్నది వారి వ్యాఖ్యానం. వ్యాఖ్యానం కుదిరింది, సినిమా క్రమం కూడా దానికి అనుకూలంగానే ఉంది. దానివల్ల సన్నివేశం కథలో అవసరమైనదని తేలుతుంది. ఒక రోగి ఏడుపును సరదాగా చూపడం బాగుందని తేలదు.

ఇక మార్జ్. సినిమా మూడో వంతు గడిచాక గానీ ఆమె తెర మీదికి రాదు, వచ్చాక సినిమా గాలి మారుతుంది. మెక్‌డార్మండ్ ఆ పాత్రను ఎక్కడా పిండకుండా, ఆకలి, వేవిళ్లు, వృత్తి నైపుణ్యం అన్నీ ఒకే సహజత్వంతో పోషించింది. 'ఫార్గో' నచ్చనివారిలో చాలామందికి మార్జ్ నచ్చుతుంది. ఆ ఆస్కార్‌ను ఎవరూ ప్రశ్నించరు. చిక్కు ఆమె చివరి మాటలతో వస్తుంది. గేయర్‌ను పోలీసు కారు వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని నడుపుతూ, లోపల నేల మీద ఉన్నది మిసెస్ లుండెగార్డ్ అయి ఉంటుందనీ, యంత్రంలోది నీ తోడుదొంగ అయి ఉంటాడనీ, బ్రెయినర్డ్‌లో ముగ్గురనీ లెక్కపెట్టి, ఇదంతా కాస్త డబ్బు కోసమా అని అడుగుతుంది. జీవితంలో డబ్బు కంటే ముఖ్యమైనవి ఉన్నాయని, బయట ఎంత చక్కటి రోజో చూడమని అంటుంది. ఆమె లెక్కలోకి వచ్చింది ఐదుగురు. కార్ పార్కింగ్ మీద కార్ల్ కాల్చిన వేడ్, గేటు దగ్గర జీతానికి కూర్చున్న ఉద్యోగి అందులో లేరు. పాత్ర మనిషి కనుక మరిచిపోవచ్చు, ఆ క్షణంలో గుర్తుకు రాకపోవచ్చు. కానీ సినిమా చనిపోయినవాళ్లందరినీ మార్జ్ నోటికి అప్పగించి తాను చేతులు దులుపుకుంది. గంటన్నర పాటు చావులను చమత్కారాలుగా పేర్చి, చివరి ఐదు నిమిషాల్లో ఒక మంచి మనిషి గొంతుతో జాలి చూపితే, ఆ జాలి ఆమెకు చెందుతుంది తప్ప సినిమాకు జమ కాదు. ఆ మాటలు సినిమాను కాపాడాయని అభిమానులు అంటారు. కాపాడవలసిన అవసరం ఉందని వారూ ఒప్పుకున్నట్టే.

నచ్చనివారికి సాధారణంగా దొరికే సలహా మరోసారి చూడమని. మంచి సలహాయే. రెండోసారి చూస్తే రోజర్ డీకిన్స్ కెమెరా పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. పైనుంచి చూపిన ఖాళీ పార్కింగ్ స్థలంలో జెర్రీ చీమలా నడిచి వెళ్లే దృశ్యం, నేలకూ ఆకాశానికీ తేడా తెలియని తెల్లదనంలోంచి కారు మెల్లగా ఆకారం దాల్చే ప్రారంభం, నార్వే జానపద బాణీ మీద కార్టర్ బర్‌వెల్ కట్టిన సంగీతం, అన్నీ మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ రుచిస్తాయి. జీన్ విషయంలో మాత్రం ఆ సలహా ఎదురు తిరుగుతుంది. మొదటిసారి చూసేవాడు ఆమె పరుగుకు నవ్వగలిగితే, అందుకు కొంత కారణం హాస్య చిత్రం కదా, చివరికి ఎలాగో బయటపడుతుందిలే అన్న నమ్మకం. రెండోసారి ఆ నమ్మకం ఉండదు. ఊలు అల్లుకుంటున్నప్పుడే ఆమె ఇక ఇంటికి రాదని, ఆ చావును తెర మీద చూపేపాటి ఓపిక కూడా ఎవరికీ ఉండదని అతనికి తెలిసే ఉంటుంది. సినిమాను ఎన్నోసార్లు చూసి కూడా ఆ చోట నవ్వగలిగేవారు ఆ ఎరుకను ఎక్కడ పెట్టి నవ్వుతున్నారో చెప్పవలసింది వారే. ఇన్నేళ్లుగా సంజాయిషీ అడుగుతున్నది మాత్రం నవ్వలేనివారిని.